కాకిలెక్కలని వదిలేయాలా, దిద్దే పనిలోకి రావాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 25 ఏళ్లు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఒక కంపెనీలో డేటా అనలిస్ట్‌గా ఉన్నాను. ఏ ప్రకటన ఎవరు క్లిక్ చేస్తారో అంచనా వేయడం నా పని. జీతం బాగుంది, మనసు లేదు. పీజీలో నాకు బాగా నచ్చింది శాంపిల్ సర్వేల పేపర్. మన దేశంలోనో, ఆఫ్రికా దేశాల్లోనో ప్రభుత్వ గణాంకాలను మెరుగుపరిచే పనిలోకి వెళ్లాలని ఉంది. నాన్న 'ప్రభుత్వ లెక్కలన్నీ కాకిలెక్కలే, వాటి కోసం ఉన్న ఉద్యోగం వదులుతావా' అంటున్నారు. అమ్మకు నా పెళ్లి టెన్షన్. నిజంగా ఇందులో కెరీర్ ఉందా? ఒక్క మనిషి వల్ల లెక్కలు బాగుపడతాయా? ఎక్కడ మొదలుపెట్టాలి? (పేరు రాయవద్దని కోరారు.)

సమాధానం:

అమ్మాయీ, ముందు మీ నాన్నగారి మాట దగ్గర మొదలుపెడతాను. ఆయన అన్నదానికి నువ్వు నొచ్చుకోవద్దు. ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉన్నదాన్ని, కాకిలెక్కలు నేనూ చూశాను. కానీ అవి ఎలా పుడతాయో దగ్గర నుంచి చూసినవాళ్లు తక్కువ. నువ్వు రావాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక ఖరీఫ్‌లో వరి పంట కోత ప్రయోగాల కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. ఇది నువ్వు క్లాసులో చదివే ఉంటావు, పొలంలో చూసి ఉండవు. ర్యాండమ్‌గా ఒక సర్వే నంబరు తీస్తారు, అందులో ఒక మడి తీస్తారు, ఆ మడి నైరుతి మూల నుంచి ర్యాండమ్ నంబర్లు చెప్పినట్టు ఇటు ఇన్ని అంగలు, అటు ఇన్ని అంగలు నడిచి మేకు పాతుతారు, అక్కడి నుంచి 5 మీటర్లు పొడవు, 5 మీటర్లు వెడల్పు తాడు బిగించి లోపలున్న పంట మాత్రమే కోసి, నూర్చి, తూర్పారబట్టి, తూకం వేస్తారు. 25 చదరపు మీటర్లలో వచ్చిన ఆ గింజల్ని 400తో గుణిస్తే హెక్టారు దిగుబడి. అంటే తూకంలో 100 గ్రాములు తప్పితే హెక్టారుకు 40 కిలోలు తప్పినట్టే. ఈ సగటు మీదే చాలా పంటలకు బీమా పరిహారం తేలుతుంది కాబట్టి ఆ తాడు లోపల జరిగేది రైతు ఇంటికి సంబంధించిన విషయం. ఆ ఏడాది ఒక మండలం కాగితాల్లో గ్రాముల గడిలో సున్నాలు, ఐదు వందలు తప్ప వేరే అంకె లేదు. 12 కిలోలు, 12.5, 13, మళ్లీ 12.5. ఇతను పొలానికే వెళ్లలేదు, ఇంట్లో కూర్చుని నింపేశాడు అని తీర్మానించుకుని, మెమో ఇచ్చే ముందు ఒకసారి చూద్దామని వెళ్లాను.

వెళ్లి చూస్తే, రిటైర్‌మెంట్‌కు రెండేళ్ల దూరంలో ఉన్న మనిషి, ఎండలో నిలబడి తాడు కడుతున్నాడు. మేకులు సరిగ్గానే ఉన్నాయి, మూలమట్టం కూడా సరి చూసుకున్నాడు. కాటా మాత్రం ఆయనది కాదు. ఆఫీసు ఇచ్చిన త్రాసు పాడై ఏడాదిన్నర అయింది, రాసి పంపినా బదులు రాలేదు. ఊళ్లో వడ్లు కొనే వ్యాపారి దగ్గర కాటా అడిగి తెచ్చుకుంటున్నాడు, దానికి అరకిలో కంటే చిన్న రాయి లేదు. ఎనిమిది నెలల టీఏ (ప్రయాణ భత్యం) బిల్లులు పెండింగ్‌లో ఉన్నాయని మాత్రం ఆయన చెప్పలేదు, వాళ్ల ఆఫీసులో పక్క సీటు అతను చెప్పాడు. ఆ సీజన్‌లో నేను చేసిన అతి ముఖ్యమైన పని మెమో ఆపి కాటాలు కొనిపించడం, బిల్లులు పాస్ చేయించడం. మరుసటి ఏడాది గ్రాముల గడిలో అన్ని అంకెలూ వచ్చాయి.

ఇదీ నువ్వు అడుగుతున్న పని. అంకె ఇంటి గడప దగ్గర, పొలం గట్టు మీద పుడుతుంది. తప్పుగా పుట్టిన అంకెను నువ్వు హైదరాబాద్‌లో కూర్చుని ఎంత గొప్ప మోడల్‌లో వేసినా అది సరైనది అయిపోదు. మోడల్ వేయడంలో నీకు ఆనందం ఉంటే ఇప్పుడున్న చోటే ఉండు, నిజంగా చెబుతున్నాను, అదీ గౌరవమైన పనే. ఆ కాటా దగ్గర, ఆ ప్రశ్న అడిగే తీరు దగ్గర నీ మనసు ఆగితేనే ఇటు రా.

ప్రశ్న అడిగే తీరు అన్నాను కదా, అది ఇంకా సున్నితం. ఉపాధి సర్వేకు ఒక ఇంటికి వెళ్లాం. షెడ్యూల్, అంటే ప్రశ్నల పత్రం, పట్టుకున్న కుర్రాడు అడిగాడు, 'మీరేం పని చేస్తారమ్మా?' ఆమె 'ఏం పని నాయనా, ఇంట్లోనే ఉంటా' అంది. కుర్రాడు 92 వేశాడు. 92 అంటే ఇంటి పని తప్ప వేరే పని లేదని కోడ్. ఆమె మాట్లాడుతున్నంత సేపూ గేదెకు కుడితి కలుపుతూనే ఉంది. పక్కన పాల క్యాను బోర్లించి ఉంది. నేను మెల్లగా అడిగాను, పాలెవరు పితుకుతారు, కేంద్రానికి ఎవరు పోస్తారు, మేత ఎవరు కోసుకొస్తారు అని. అన్నిటికీ 'నేనే' అంది. పాల కార్డు మీద పేరు మాత్రం భర్తది. ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా పనిచేసే వాళ్లకు వేరే కోడ్ ఉంది, 21. ఆ కోడ్ పడిందంటే ఆమె దేశం లెక్కలో కార్మికురాలు, 92 పడిందంటే కాదు. మధ్యలో ఉన్నవి మూడు ప్రశ్నలు, రెండు నిమిషాల ఓపిక. మన దేశంలో 15 ఏళ్లు దాటిన మహిళల్లో శ్రామిక శక్తిలో ఉన్నవాళ్లు 2017-18లో 23.3 శాతమని, 2023-24లో 41.7 శాతమని లెక్క వచ్చింది. ఇందులో ఎంత నిజంగా పెరిగిన పని, ఎంత మునుపు లెక్కకు రాని పని ఇప్పుడు లెక్కలోకి రావడం అన్నది ఆర్థికవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన వింటున్నప్పుడల్లా నాకు ఆ కుడితి తొట్టే గుర్తొస్తుంది.

ఇంకా పెద్ద ఉదాహరణ ఒకటి. 1994 నుంచి 1998 దాకా మన జాతీయ నమూనా సర్వే ఒక ప్రయోగం చేసింది. కొన్ని ఇళ్లలో ఎప్పటిలాగే 'గడిచిన 30 రోజుల్లో ఏమేం కొన్నారు, తిన్నారు' అని అడిగారు. మిగతా ఇళ్లలో తిండి లాంటి వాటికి 7 రోజులు, బట్టలు, చెప్పుల్లాంటి అరుదైన కొనుగోళ్లకు ఏడాది అని అడిగారు. దేశం అదే, కాలం అదే, ఊళ్లు కూడా అవే. రెండో పద్ధతిలో ఖర్చు ఎంత ఎక్కువ తేలిందంటే, ఆ లెక్కన పేదల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది! కోట్ల మంది ఒక ప్రశ్న మారేసరికి కాగితం మీద పేదరికం దాటారు. ఆ తర్వాత 1999-2000లో రెండు గడులూ ఒకే షెడ్యూల్‌లో పక్కపక్కన పెట్టారు. ఒకే మనిషిని వారానిదీ నెలదీ అడిగితే ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని సరిచేసుకోవడం సహజం, దాంతో పాత ఏళ్లతో పోల్చడానికి వీల్లేకుండా పోయింది, 'పేదరికం నిజంగా ఎంత తగ్గింది' అని ఏళ్ల తరబడి చర్చ నడిచింది. తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ లాంటివాళ్లు దాని మీద చాలా పని చేశారు. నీకు శాంపిల్ సర్వేల పేపర్ నచ్చిందన్నావు, పాఠ్యపుస్తకంలో శాంప్లింగ్ ఎర్రర్‌కు, అంటే అందరినీ కాక కొందరినే అడగడం వల్ల వచ్చే తేడాకు, పది అధ్యాయాలుంటాయి, ఇలాంటి తప్పులకు చివర్లో ఒక్కటి. ఉద్యోగంలో అది తిరగబడుతుంది.

ఆఫ్రికా సంగతి అడిగావు. ఘనా 2010 నవంబరులో జీడీపీ లెక్కకు బేస్ ఇయర్‌ను, అంటే పోలికకు ఆధారంగా పెట్టుకునే ఏడాదిని, 1993 నుంచి 2006కు మార్చింది. ఆర్థిక వ్యవస్థ ఒక్కరోజులో దాదాపు 60 శాతం పెద్దదైంది. పేద దేశాల వరుసలో ఉన్నది మధ్యస్థ ఆదాయ దేశాల వరుసలోకి వచ్చింది. ఆ రోజు అక్కడ ఎవరి ఇంటికీ ఒక్క సెడీ (వాళ్ల కరెన్సీ) అదనంగా రాలేదు. నైజీరియా 2014 ఏప్రిల్‌లో అదే చేస్తే 2013 జీడీపీ 89 శాతం పెరిగి, దక్షిణాఫ్రికాను దాటి ఆ ఖండంలోనే పెద్ద ఆర్థిక వ్యవస్థ అయింది. అప్పటిదాకా వాళ్లు 1990 నాటి చూపుతో లెక్కేస్తున్నారు. ఈలోగా మొబైల్ ఫోన్లొచ్చాయి, సినిమా పరిశ్రమ పెరిగింది, పాత బేస్‌లో వాటికి సరైన చోటు లేదు. కిన్షాసా రాజధానిగా ఉన్న కాంగోలో చివరి జనగణన 1984లో జరిగింది. మనల్ని మనం వేరుగా చూసుకోనక్కర్లేదు, మనదీ 2011లోనే ఆగింది, 2021ది వాయిదా పడి 2027కు చేరింది, ఈలోపు మన గ్రామీణ సర్వేలకు ఊళ్ల జాబితా ఆ పాత జనగణన నుంచే తీస్తూ వచ్చారు.

అయితే ఒక మాట. ఆ దేశాలకు 'బాగుచేయడానికి' వెళుతున్నాం అనుకుని వెళ్లొద్దు. కోల్‌కతాలో ఒక శిక్షణలో నా పక్కన పశ్చిమాఫ్రికా అధికారి ఒకాయన కూర్చునేవారు. మన నిర్వచనం ప్రకారం ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒక కుటుంబం అని నేను చెబితే ఆయన నవ్వి, మా ఊళ్లో ఒకే ప్రహరీ లోపల ముగ్గురు భార్యలు, మూడు పొయ్యిలు, రాత్రికి పిల్లలు ఏ పొయ్యి దగ్గర తింటే అదే వాళ్ల కుటుంబం, ఎన్ని కుటుంబాలని రాయమంటారు అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు ఢిల్లీలో లేదు, న్యూయార్క్‌లోనూ లేదు, ఇంటింటికీ వెళ్లి అడిగే అక్కడి ఇన్వెస్టిగేటర్ల దగ్గరే ఉంది. బయటి నుంచి వెళ్లే గణాంక నిపుణురాలు చేయగలిగింది వాళ్ల పక్కన కూర్చుని, తను వెళ్లిపోయాక కూడా ఆ పద్ధతి వాళ్ల చేతుల్లో నడిచేలా చూడటం.

ఒక్క మనిషి వల్ల అవుతుందా అన్నావు. మన దేశంలో నమూనా సర్వేలకు బాట వేసిన మహలనోబిస్ పేరు నీకు చెప్పక్కర్లేదు. 1930ల చివర్లో బెంగాల్ జనపనార సర్వేల్లో ఆయన ఒకే ప్రాంతానికి రెండు స్వతంత్ర నమూనాలు తీసి, రెండు వేర్వేరు బృందాలను పంపేవారు. రెండు లెక్కలూ దగ్గరగా వస్తే సరే, దూరంగా వస్తే ఎక్కడో పని సరిగ్గా జరగలేదని. మనుషులు తప్పు చేస్తారని ముందే ఒప్పుకుని, ఆ తప్పు ఎంతో కొలిచే ఏర్పాటు సర్వేలోనే పెట్టడం, అదీ ఆయన చూపు. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైనప్పుడు ఆ చూపే పునాది అయింది. గణాంక శాస్త్రవేత్త, మన సి.ఆర్.రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగానికని కలకత్తా వెళ్లి, అది దొరక్క, బస చేసిన చోట పరిచయమైన కుర్రాడి వల్ల మహలనోబిస్ సంస్థ గడప తొక్కారు. అది 1941. అందరూ అంతటివాళ్లు కాలేరు, అవసరం కూడా లేదు. నేను చూసినంతలో ఒక మనిషి వల్ల ఒక షెడ్యూల్ బాగుపడుతుంది, ఒక జిల్లా బాగుపడుతుంది, నలుగురు ఇన్వెస్టిగేటర్లకు అడగడం వస్తుంది. దేశం మొత్తం లెక్క మాత్రం ఒక్కరి చేతిలో ఉండదు.

దీనికి కష్టమైన వైపు కూడా ఉంది, దాచను. మంచి లెక్క వచ్చాక దాన్ని బయటపెట్టడం అన్నిసార్లూ సులువు కాదు. అర్జెంటీనాలో 2007లో ధరల సూచీ చూసే అధికారిణిని ఆ బాధ్యత నుంచి తప్పించారు. ఆ తర్వాత ఏళ్లపాటు ప్రభుత్వం చెప్పే ద్రవ్యోల్బణం ఒకటి, జనం బజారులో చూసేది ఇంకొకటి. సొంతంగా లెక్కవేసి చెప్పిన ప్రైవేటు ఆర్థికవేత్తలకు జరిమానాలు పడ్డాయి. 2013లో అంతర్జాతీయ ద్రవ్య నిధి బహిరంగంగా అభిశంసించింది. అది ఎత్తేయడానికి 2016 దాకా పట్టింది. మన దగ్గర 2019 జనవరిలో ఉపాధి సర్వే నివేదిక విడుదల ఆలస్యం మీద జాతీయ గణాంక కమిషన్‌లోని ఇద్దరు సభ్యులు రాజీనామా చేశారు, నివేదిక మే నెలాఖరులో వచ్చింది. అదే ఏడాది నవంబరులో 2017-18 వినియోగ వ్యయ సర్వే ఫలితాలను, నాణ్యత బాగాలేదంటూ, విడుదల చేయబోమన్నారు. నాణ్యత బాగాలేకపోతే ఆ లోపాలు రాసి, డేటా బయటపెట్టి, వాడుకునేవాళ్లనే తేల్చుకోనివ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. దాచిన లెక్క మీద ఎవరికీ నమ్మకం పెరగదు. ఇలాంటి రోజు నీ సర్వీసులో ఎప్పుడో ఒకప్పుడు చిన్నదో పెద్దదో వస్తుంది. ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ 1994లో ఆమోదించిన పది మౌలిక సూత్రాలు చదువు, రెండు పేజీలు కూడా ఉండవు. ఆ రోజు నీ ఫైలులో ఏం రాయాలో తెలుస్తుంది.

ఇక దారులు. విదేశీ సంస్థలో నేరుగా చేరడం గురించి ఇప్పుడే ఆలోచించకు. ఆ పోస్టులు ఎక్కువగా అనుభవం అడుగుతాయి, అదీ ఏదైనా దేశపు గణాంక కార్యాలయంలో చేసిన అనుభవానికి విలువ ఎక్కువ. పైగా ఆ రంగంలో నిధులు ఎప్పుడు ఆగుతాయో చెప్పలేం. 1984 నుంచి తొంభైకి పైగా దేశాల్లో తల్లీపిల్లల ఆరోగ్యం మీద సర్వేలు చేయిస్తూ వచ్చిన డీహెచ్‌ఎస్ (జనాభా, ఆరోగ్య సర్వేలు) కార్యక్రమానికి 2025 ఫిబ్రవరిలో అమెరికా సాయం ఒక్కసారిగా ఆగింది. మన కుటుంబ ఆరోగ్య సర్వే కూడా ఆ కుదురులో పుట్టిందే. అంతటిదానికే అలా అయింది.

నీ వయసుకు, చదువుకు ముందున్నది ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్. యూపీఎస్సీ పరీక్ష, 30 ఏళ్ల లోపు రాయాలి, రిజర్వేషన్ ఉంటే సడలింపు. నాలుగు స్టాటిస్టిక్స్ పేపర్లు, ఇంగ్లిష్, జనరల్ స్టడీస్ కలిపి 1000 మార్కులు, ఇంటర్వ్యూకు 200. పోస్టులు ఏటా కొద్ది పదులే, కాబట్టి అదొక్కటే నమ్ముకుని ఉద్యోగం మానేయొద్దు, ఉద్యోగం చేస్తూనే రాయి. మొదటి మూలవేతనం 56,100. దానితో పాటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీ స్థాయి పరీక్ష (ఎస్‌ఎస్‌సీ సీజీఎల్) ద్వారా జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్, మూలవేతనం 35,400, నీ ఇప్పటి జీతంతో పోలిస్తే తక్కువ కావొచ్చు, కానీ ఫీల్డు అంటే ఏమిటో చూపించే ఉద్యోగం. చాలామంది దీన్ని మెట్టుగా కూడా చూడరు, నేను చూడమంటాను. రాష్ట్రాల్లో అర్థగణాంక శాఖ పోస్టులున్నాయి, ఆంధ్రలో అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్, తెలంగాణలో మండల ప్రణాళిక గణాంక అధికారి. వాన లెక్క, పంట లెక్క, ధరల లెక్క మొదలయ్యేది అక్కడే. చదువు వైపు మొగ్గుంటే ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ ఉంది. కుటుంబ ఆరోగ్య సర్వేలకు కేంద్రం అదే. సర్వీసులోకి వచ్చాక విదేశాలతో కలిసి పనిచేసే దారులు వాటంతటవే తెరుచుకుంటాయి. జపాన్‌లోని చిబాలో ఆసియా పసిఫిక్ దేశాల గణాంక అధికారులకు శిక్షణ ఇచ్చే సంస్థ ఉంది, కోల్‌కతాలో 1950 నుంచి ఆసియా, ఆఫ్రికా అధికారులు వచ్చి చదువుకునే కేంద్రం ఉంది. పశ్చిమాఫ్రికా నిజంగా మనసులో ఉంటే ఈ రోజు నుంచే ఫ్రెంచ్ మొదలుపెట్టు. అక్కడ ఇంకో సాఫ్ట్‌వేర్ కంటే అది ఎక్కువ పనికొస్తుంది.

మీ అమ్మగారి టెన్షన్ సంగతి. ఈ ఉద్యోగంలో బదిలీలుంటాయి, ఊళ్లు తిరగడం ఉంటుంది, ఇది సంబంధం చూసేటప్పుడే అవతలివాళ్లకు చెప్పండి, దాచి చేసుకుంటే తర్వాత ఇబ్బంది నీకే. నా పెళ్లప్పుడు మా అత్తగారికి నా పనేంటో అర్థం కాలేదు, ఒకసారి నాతో పాటు సర్వేకు తీసుకెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆవిడే మాట్లాడారు, ఏ ఇంట్లో ఏం దాచి చెప్పారో నాకు వివరించారు. మీ నాన్నగారిని కూడా ఒక కోత ప్రయోగానికి తీసుకెళ్లు, మీది వ్యవసాయం తెలిసిన ఇల్లయితే ఇంకా మంచిది. పొలాల్లో జరిగే పనే కాబట్టి, మండల ఆఫీసులో అడిగితే ఏ ఊళ్లో ఏ రోజో చెబుతారు.

ఉద్యోగం వదలకుండా ఈ నెలలోనే చేయగలిగిన పని ఒకటుంది. ఉపాధి సర్వే యూనిట్ లెవెల్ డేటా, అంటే ఒక్కో ఇంటి, ఒక్కో మనిషి జవాబులు, కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ సైటులో ఉచితంగా దొరుకుతుంది. దించుకో. మల్టిప్లయర్లు (నమూనాలోని ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు లెక్కో చెప్పే అంకెలు) సరిగ్గా వేసి, నివేదికలో అచ్చయిన ఒక్క టేబుల్‌ను, ఏదైనా ఒక్కటి, చివరి దశాంశం దాకా నువ్వే తెప్పించు. నీ అంకె మొదటిసారి కలవదు. ఎందుకు కలవలేదో వెతుకు, ఇన్వెస్టిగేటర్ల సూచనల పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో కోడ్ అర్థం చదువు. ఆ తర్వాత ఒక ఆదివారం మీ వీధిలోనే పది ఇళ్లకు వెళ్లి, అవే ప్రశ్నలు, అచ్చులో ఉన్న మాటలతోనే, తెలుగులో అడిగి చూడు. ఎన్ని చోట్ల జవాబుకు, గడికి పొత్తు కుదరలేదో రాసిపెట్టుకుని నాకు పంపు. ఆ కాగితం చూసి మిగతాది మాట్లాడుకుందాం.